నలుగురు మాట్లాడినా ఒకే మాటగా వినిపించాలంటే: ఆఫీసులో గ్రూప్ ప్రజెంటేషన్ ఎలా ఇవ్వాలి

నలుగురు కలిసి ప్రజెంటేషన్ ఇవ్వాలనగానే మనలో చాలామంది చేసే మొదటి పని స్లైడ్లు పంచుకోవడం. "నువ్వు మొదటి ఐదు చెయ్యి, నేను తర్వాతి ఐదు చేస్తా, చివర్లో కలిపేద్దాం" అనుకుంటాం. ఆ కలపడం ముందు రోజు రాత్రి పదకొండింటికి జరుగుతుంది. నాలుగు ఫైళ్లు ఒక ఫైల్ అవుతాయి కానీ లోపల నాలుగు ప్రజెంటేషన్లు అలాగే ఉంటాయి. వినేవాళ్లకి అది రెండో మనిషి లేచేసరికే తెలిసిపోతుంది. ఒకరు చెప్పిన అంకె ఇంకొకరి స్లైడ్‌లో వేరుగా ఉంటుంది. ఒకరు ఆపిన చోటికీ ఇంకొకరు మొదలుపెట్టిన చోటికీ పొంతన ఉండదు. విడివిడిగా చూస్తే అందరూ బాగా మాట్లాడేవాళ్లే కావచ్చు. గ్రూప్ ప్రజెంటేషన్ దెబ్బతినేది దాదాపు ఎప్పుడూ ఈ అతుకుల దగ్గరే. అందుకే కింది పద్ధతిలో ఎక్కువ చోటు అతుకులకే ఇచ్చాను.

మాట గాలిలో పోకుండా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. హైదరాబాద్‌లో మందులు డిస్ట్రిబ్యూషన్ చేసే ఒక కంపెనీ ఉందనుకోండి. విజయవాడ రూట్‌లో మెడికల్ షాపులకి సరుకు ఆలస్యంగా చేరుతోందని రోజూ ఫోన్లు వస్తున్నాయి. గోడౌన్, బిల్లింగ్, ట్రాన్స్‌పోర్ట్, కస్టమర్ కేర్ నుంచి ఒక్కొక్కరు చొప్పున నలుగురిని కూర్చోబెట్టి, "సోమవారం ఎండీ గారి ముందు 20 నిమిషాలు చెప్పండి" అన్నారు. ఆ నలుగురిలో మీరొకరు.

మెట్టు 1: వాళ్లు ఏం తేల్చాలో ఒక్క వాక్యంలో రాయండి

ముందు మీటింగ్ పెట్టినవాళ్లనే అడగండి. "సార్, సోమవారం మీటింగ్ అయ్యేసరికి ఏ విషయం తేలితే మీకు సరిపోతుంది?" అని అడిగితే ఎవరూ తప్పు పట్టరు. చాలా మంది పైవాళ్లు ఈ ప్రశ్నకి సంతోషిస్తారు కూడా. దొరికే జవాబు మీరు అనుకున్నదానికి పూర్తిగా వేరుగా ఉండొచ్చు. మీరు "ఆలస్యాలపై రిపోర్ట్" అనుకుంటూ ఉంటారు, ఆయనకి కావలసింది "ఇంకో వ్యాన్ కొనాలా వద్దా" అన్నదానికి జవాబు.

ఆ తర్వాత ప్రజెంటేషన్ మొత్తాన్ని ఒక్క వాక్యంలో రాయండి. "డెలివరీ సమస్యలు, పరిష్కారాలు" అని రాస్తే అది టాపిక్ మాత్రమే. వాక్యం ఇలా ఉండాలి: "ఆలస్యం రోడ్డు మీద కాదు, బిల్లింగ్ దగ్గర మొదలవుతోంది. ఆర్డర్లు తీసుకునే ఆఖరి టైమ్‌ని (కట్-ఆఫ్) సాయంత్రం 6 నుంచి 4కి మార్చి, ఒక బిల్లింగ్ ఆపరేటర్‌ని ఇస్తే కొత్త వ్యాన్ అవసరం ఉండదు." దీన్ని విన్న మనిషి అవుననో కాదనో అనగలడు. అలా అనలేని వాక్యం రాశారంటే ఇంకా పని మిగిలి ఉన్నట్టే.

ఈ వాక్యం మీద నలుగురూ ఒప్పుకోవడం కష్టం. బిల్లింగ్ నుంచి వచ్చిన మనిషికి ఇది తన మీద నింద అనిపిస్తుంది. ఆ గొడవ ఇప్పుడే, తలుపు వేసుకుని పడండి. సోమవారం ఎండీ ముందు పడితే ప్రజెంటేషన్ అక్కడితో సరి. మాట ఎవరి మీదా పడకుండా నిజం చెప్పే దారి సాధారణంగా ఉంటుంది. "బిల్లింగ్ వాళ్లు లేటు" అన్నా, "రోజు ఆర్డర్లలో సగం 4 నుంచి 6 మధ్యే వస్తున్నాయి, ఇద్దరు ఆపరేటర్లతో అవి 9 దాటేవరకూ తెమలడం లేదు" అన్నా అదే సమస్య. రెండోది విన్నప్పుడు బిల్లింగ్ మనిషి కూడా తల ఊపుతారు, తర్వాత తనే లేచి చెప్తారు.

మెట్టు 2: ల్యాప్‌టాప్‌లు మూసి వరుస పేర్చుకోండి

ఒక గంట నలుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చోండి. పవర్‌పాయింట్ తెరవొద్దు. చెప్పాల్సిన ఒక్కో విషయాన్ని ఒక్కో చీటీ మీద రాసి బల్ల మీద పరవండి. మన వాక్యాన్ని నిలబెట్టే చీటీలు ఉంచండి, మిగతావి పక్కన పెట్టండి. పక్కన పెట్టినవి పారేయకండి, ప్రశ్నలప్పుడు పనికొస్తాయి.

మన ఉదాహరణలో వరుస ఇలా రావచ్చు: ఫిర్యాదులు ఎన్ని, ఏ షాపుల నుంచి, ఒక ఆర్డర్ ఫోన్‌లో మొదలై షాపు చేరేవరకూ ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగుతోంది, ఎక్కువసేపు ఆగేది బిల్లింగ్ దగ్గర, ఎందుకు, ఏం అడుగుతున్నాం, ఖర్చెంత, ఒప్పుకుంటే ఏ తేదీ నుంచి మొదలు. అంతే. కంపెనీ చరిత్ర, డిపార్ట్‌మెంట్ పరిచయం, "ఎజెండా" స్లైడ్ అక్కర్లేదు. ఎండీ గారికి తన కంపెనీ గురించి మీరు చెప్పేదేముంటుంది?

అడగాల్సింది చివరిదాకా దాచొద్దు. మొదటి నిమిషంలోనే చెప్పేయండి: "సార్, ఈ రోజు రెండు విషయాలకి మీ అనుమతి కావాలి. ఎందుకో 15 నిమిషాల్లో చూపిస్తాం." పైవాళ్లు ఎప్పుడు ఫోన్ వచ్చి లేచి వెళ్తారో తెలియదు. అడగాల్సింది ముందే అడిగితే వెళ్లే ముందు "సరే, చూద్దాం" అన్నా అంటారు.

మెట్టు 3: ఎవరు మాట్లాడాలి

నలుగురు పనిచేశారు కాబట్టి నలుగురూ మాట్లాడాలి అన్న లెక్క మన ఆఫీసుల్లో బాగా ఉంది. మాట్లాడకపోతే పైవాళ్ల కళ్లలో పడమేమోనన్న భయం దానికి కారణం, అది న్యాయమైన భయమే. కానీ 20 నిమిషాల్లో నలుగురు మాట్లాడితే, ప్రశ్నలకి పోయేది పోగా, ఒక్కొక్కరికీ దక్కేది మూడు, నాలుగు నిమిషాలు. వినేవాళ్లు ఒక గొంతుకి అలవాటు పడేలోపే ఇంకో గొంతు వస్తుంది. ఇద్దరు, మహా అయితే ముగ్గురు చాలు.

మాట్లాడని మనిషికి గుర్తింపు పోకుండా చూడటం మాట్లాడేవాళ్ల బాధ్యత. "ఈ టైమింగ్స్ అన్నీ గోడౌన్ గేటు దగ్గర రెండు వారాలు నిలబడి రాసింది మా రమేశ్" అని పేరు పెట్టి చెప్పండి. ఆ లెక్కల మీద ప్రశ్న వస్తే జవాబు రమేశ్‌తోనే చెప్పించండి. మొక్కుబడిగా రెండు స్లైడ్లు చదివించడం కన్నా ఇది ఆయనకి ఎక్కువ గౌరవం.

ఎవరికి ఏ భాగం అన్నది హోదాను బట్టి పెట్టకండి. ఆ విషయం మీద పది ప్రశ్నలు వేసినా తడబడకుండా చెప్పగలిగే మనిషికి ఆ భాగం ఇవ్వండి. టీమ్ లీడ్ మొత్తం తానే చెప్పేసి, పని చేసిన జూనియర్‌ని స్లైడ్లు మార్చడానికి కూర్చోబెట్టడం నేను చాలా చూశాను. ప్రశ్న వచ్చినప్పుడు లీడ్ వెనక్కి తిరిగి జూనియర్ ముఖం చూస్తారు, గదిలో అందరికీ సంగతి అర్థమైపోతుంది.

భాష గురించీ ఒక మాట. గోడౌన్‌లో పదేళ్లు పనిచేసిన మనిషి తెలుగులో చెప్తే ప్రతి వివరమూ కళ్లకి కడుతుంది. అదే మనిషిని ఇంగ్లీషులో చెప్పమంటే రాసుకున్న నాలుగు ముక్కలు అప్పజెప్పి కూర్చుంటాడు. గదిలో అందరికీ తెలుగు వచ్చినప్పుడు తెలుగులోనే చెప్పనివ్వండి. స్లైడ్ ఇంగ్లీషులో ఉన్నా మాట తెలుగులో ఉంటే ఇబ్బందేమీ లేదు. తెలుగు రానివాళ్లు ఒకరిద్దరు ఉంటే, ఆ భాగం అయ్యాక ఇంకొకరు ఇంగ్లీషులో రెండు వాక్యాల్లో చెప్పేలా ముందే అనుకోండి.

మెట్టు 4: ఫైల్ ఒకరి చేతిలోనే

విషయం నలుగురూ ఇవ్వండి, స్లైడ్లు మాత్రం ఒకరే చేయాలి. ఫాంట్లు, రంగులు వాటంతట అవే కుదురుతాయి, అది చిన్న లాభం. ఒకే మనిషి మొదటి నుంచి చివరిదాకా చదువుతాడు కాబట్టి 7వ స్లైడ్‌లో అంకె 3వ స్లైడ్‌తో కొట్టుకుంటే పట్టుకుంటాడు, అదీ అసలు లాభం. కస్టమర్ కేర్ వాళ్లు ఫిర్యాదులు క్యాలెండర్ నెల ప్రకారం లెక్కేస్తారు, ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు 26వ తేదీ నుంచి 25వ తేదీ వరకూ లెక్కేస్తారు. రెండూ నిజమే, పక్కపక్కన పెడితే రెండూ అబద్ధంలా కనిపిస్తాయి. ప్రతి అంకె కిందా ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో రాయండి. డబ్బు లెక్క లక్షల్లో మొదలుపెడితే చివరిదాకా లక్షల్లోనే ఉండాలి. ఒక స్లైడ్‌లో 25 లక్షలు, ఇంకో దాంట్లో 2.5 మిలియన్లు అని ఉంటే, రెండూ ఒకటేనని తేల్చుకునేలోపు వినేవాళ్లు మీ తర్వాతి మాట వదిలేస్తారు.

స్లైడ్ హెడ్డింగ్ గురించి కాస్త ఆగి చెప్తాను, ఎందుకంటే దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. 2003 జనవరి 16న కొలంబియా అంతరిక్ష నౌక బయల్దేరినప్పుడు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క ఎడమ రెక్కకి తగిలింది. దానివల్ల ప్రమాదం ఉందా అన్న విషయంపై, నౌక ఇంకా పైన ఉండగానే, ఇంజనీర్లు నాసాకి స్లైడ్లతో వివరించారు. అందులో ఒక స్లైడ్ హెడ్డింగ్ చదివితే పాత పరీక్షల ప్రకారం భయం లేదన్న ధీమా కలుగుతుంది. కింద, చిట్టచివరి వరుసలో, అసలు సంగతి ఉంది: ఆ పరీక్షలు చేసింది 3 ఘనపు అంగుళాల ముక్కతో, ఊడిన ముక్క అంచనా 1920 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు పెద్దది. ఫిబ్రవరి 1న నౌక తిరిగి వస్తూ ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయారు. ఆ ప్రమాదానికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక స్లైడ్ మీద నెట్టడం తప్పు. కానీ అదే ఏడాది వచ్చిన దర్యాప్తు బోర్డు నివేదిక ఆ స్లైడ్‌ని ప్రత్యేకంగా ఎత్తి చూపింది. పై అధికారి అది చదివి, ప్రాణాల మీదికి వచ్చిన విషయమని గ్రహించకపోవడం సహజమేనన్నట్టు రాసింది.

మన సరుకు డెలివరీ ప్రాణాల మీదికి వచ్చే విషయం కాకపోవచ్చు, కానీ పద్ధతి అదే. హెడ్డింగ్‌లో "ఆర్డర్ టైమింగ్స్ విశ్లేషణ" అని రాయకండి. "ఆర్డర్ ఎక్కువసేపు ఆగేది బిల్లింగ్ దగ్గరే: సగటున మూడు గంటలు" అని రాయండి. అన్ని హెడ్డింగ్‌లూ వరుసగా చదివితే కథ మొత్తం తెలియాలి. తెలియకపోతే స్లైడ్ల అందం చూడకుండా హెడ్డింగ్‌లు మళ్లీ రాయండి. అలాగే మీకు ప్రతికూలంగా ఉన్న అంకెని అడుగున చిన్న అక్షరాల్లో పెట్టకండి. దాన్ని మీరే పైకి తెచ్చి చెప్తే నమ్మకం పెరుగుతుంది.

స్లైడ్లు తెలుగులో చేస్తుంటే యూనికోడ్ ఫాంట్లే వాడండి. విండోస్‌లో గౌతమి, నిర్మలా యూఐ లాంటివి సరిపోతాయి. అను లాంటి యూనికోడ్ కాని పాత ఫాంట్లలో చేసిన ఫైల్ ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. ఏ ఫాంట్ వాడినా ఒక పీడీఎఫ్ కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

మెట్టు 5: అతుకులు రాసుకోండి

మీరు మాట్లాడే భాగమంతా రాసుకోనక్కర్లేదు. మైకు చేతులు మారే దగ్గర చెప్పే రెండు వాక్యాలు మాత్రం అక్షరం అక్షరం రాసుకోండి. మామూలుగా ఏం జరుగుతుందో చూడండి:

"నా పార్ట్ అయిపోయింది సార్, నెక్స్ట్ స్వాతి చెప్తారు."
"థాంక్యూ. గుడ్ మార్నింగ్ ఎవ్రీవన్, నేను స్వాతి, బిల్లింగ్ నుంచి. ఇప్పుడు నేను బిల్లింగ్ ప్రాసెస్ గురించి చెప్తాను."

ఇక్కడ మీటింగ్ ఒకసారి ఆగి మళ్లీ మొదటి నుంచి మొదలైంది. ఇలా మార్చి చూడండి:

"వ్యాన్ రాత్రి 8కి బయల్దేరాలి. గత నెలలో ఎక్కువ రోజులు 10 దాటాకే కదిలింది, ఎందుకంటే బిల్లులు చేతికి రాలేదు. బిల్లులు ఎందుకు రావడం లేదో స్వాతి గారు చూపిస్తారు."
"సాయంత్రం 4 అయ్యేసరికి మా దగ్గర పరిస్థితి ఇది సార్." (స్లైడ్ మారుతుంది.)

మొదటి మనిషి ఒక ప్రశ్న మిగిల్చి ఆపారు. రెండో మనిషి ఆ ప్రశ్నకే జవాబుగా మొదలుపెట్టారు. గుడ్ మార్నింగ్ లేదు, పరిచయం లేదు. అందరి పరిచయమూ మొదట్లో ఒక్కసారి, ఒకరే చెప్పేయాలి. స్లైడ్ ఎవరు మార్చాలో, తర్వాతి మనిషి ఎక్కడ నిలబడి ఉండాలో కూడా ఇక్కడే తేల్చుకోండి. గది చివరి కుర్చీలోంచి లేచి, వైర్లు దాటుకుంటూ ముందుకొచ్చేసరికి పోయేది పావు నిమిషమే అయినా, కట్టిన ఊపంతా దాంట్లోనే పోతుంది.

మెట్టు 6: నిలబడి, గడియారం పెట్టి రిహార్సల్ చేయండి

కూర్చుని స్లైడ్లు తిప్పుకుంటూ "ఇక్కడ నేను ఇది చెప్తా, అక్కడ నువ్వు అది చెప్తావు" అనుకోవడం రిహార్సల్ కాదు. నిలబడి, గొంతెత్తి, నిజంగా చెప్పండి. కనీసం రెండుసార్లు మొత్తం, ఆ తర్వాత అతుకులు మాత్రమే నాలుగైదు సార్లు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఒక్కొక్కరి టైమ్ రాయండి. 20 నిమిషాలు ఇస్తే 14, 15 నిమిషాలకి మించకుండా చూసుకోండి. మిగతాది ప్రశ్నలకి పోతుంది, మీటింగ్ ఆలస్యంగా మొదలవడానికి పోతుంది.

ఒకసారి "పది నిమిషాలే ఉంది" అనుకుని చేయండి. ఇది నిజంగానే జరుగుతుంది, ముందు మీటింగ్ సాగి మీకు సగం టైమే మిగులుతుంది. అప్పుడు వేగంగా మాట్లాడితే ఎవరికీ ఏమీ అందదు. ఏ స్లైడ్లు వదిలేయాలో ముందే గుర్తు పెట్టుకుంటే ప్రశాంతంగా వదిలేయొచ్చు. ఆ రోజు ఒకరు జ్వరంతో రాకపోతే వాళ్ల భాగం ఎవరు చెప్తారో కూడా అనుకోండి. ఈ రెండూ తేలిపోతే సగం టెన్షన్ ఇక్కడే తగ్గుతుంది.

ఆఫీసులో ఈ విషయంతో సంబంధం లేని ఒకరిని పిలిచి వినమనండి. అయిపోయాక "మేం ఏం అడుగుతున్నాం?" అని ఒక్క ప్రశ్న వేయండి. వాళ్ల జవాబు మెట్టు 1లో రాసిన వాక్యానికి దగ్గరగా ఉంటే మీరు సిద్ధంగా ఉన్నట్టు.

మెట్టు 7: ఆ రోజు

అరగంట ముందు గదికి వెళ్లండి. మీ ల్యాప్‌టాప్‌కి అక్కడి కేబుల్ సరిపోతుందా, స్క్రీన్ వస్తుందా చూసుకోండి. రాకపోతే విండోస్ కీ, పీ కలిపి నొక్కితే ప్రొజెక్టర్‌కి పంపే ఆప్షన్లు వస్తాయి. వాట్సాప్, మెయిల్ నోటిఫికేషన్లు ఆపేయండి. పవర్‌పాయింట్ స్లైడ్‌షోలో బీ నొక్కితే స్క్రీన్ నల్లగా అవుతుంది, అందరూ మీ వైపు చూడాలనుకున్నప్పుడు పనికొస్తుంది. స్లైడ్ నంబర్ కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా ఆ స్లైడ్‌కి వెళ్తుంది. ముఖ్యమైన స్లైడ్ల నంబర్లు కాగితం మీద రాసుకుంటే ఎండీ గారు రెండో నిమిషంలోనే "ఖర్చెంత?" అన్నా పది స్లైడ్లు గబగబా తిప్పాల్సిన పని ఉండదు.

ఆన్‌లైన్‌లో అమెరికా క్లయింటుకి చెప్పే టీమ్‌లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారాలు మారతాయి. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకి వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. ఆ వారాల్లో మీటింగ్ ఉంటే టైమ్ ఒకసారి రాసి నిర్ధారించుకోండి. ఆన్‌లైన్‌లో స్క్రీన్ ఒకరే షేర్ చేయాలి, మనిషి మారినప్పుడల్లా షేరింగ్ మార్చకూడదు. షేర్ చేసేవాళ్ల నెట్ పోతే వెంటనే అందుకునే రెండో మనిషి దగ్గర అదే ఫైల్ తెరిచి ఉండాలి.

మీరు మాట్లాడనప్పుడు కూడా గదిలోవాళ్లు మిమ్మల్ని చూస్తూనే ఉంటారు. మీ సహచరి చెప్తుంటే మీరు ఫోన్ చూస్తే, టీమ్‌వాళ్లకే పట్టని విషయం మాకెందుకు అనుకుంటారు. ఆవిడ ఒక అంకె తప్పు చెప్తే మధ్యలో అడ్డుపడకండి. ఆవిడ భాగం ముగిశాక, "ఒక్క చిన్న సవరణ, స్వాతి గారు చెప్పింది మార్చి లెక్క, ఏప్రిల్‌ది 140" అని మామూలు గొంతుతో చెప్పండి. తప్పు ఒప్పయింది, ఆవిడ మర్యాదా మిగిలింది.

మెట్టు 8: ప్రశ్నలు

ప్రశ్నల సమయానికి ఒకరు పెద్దరికం తీసుకోవాలి. ప్రతి ప్రశ్నా ముందు ఆ మనిషే అందుకుంటారు, అర్థమైనంతవరకూ ఒకసారి తిరిగి చెప్తారు, "ఇది రమేశ్ చెప్తారు" అని అప్పగిస్తారు. ఈ కొన్ని క్షణాల్లో రమేశ్‌కి ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. రమేశ్ చెప్పాక ఇంకొకరు "దానికి తోడు నేనేమంటానంటే" అని అందుకోకూడదు. ఒక జవాబు మీద మూడు జవాబులు పడితే మొదటిదాని మీద మీకే నమ్మకం లేదనిపిస్తుంది. చెప్పింది నిజంగా తప్పయితే తప్ప ఊరుకోండి.

రాబోయే ప్రశ్నలు ముందే పది రాసుకుని పంచుకోండి. మన ఉదాహరణలో ఖాయంగా వచ్చేది, "కట్-ఆఫ్ 4కి మారిస్తే షాపుల వాళ్లు వేరే డిస్ట్రిబ్యూటర్ దగ్గరికి పోరా?" అన్నది. దీనికి సోమవారం గదిలో ఆలోచించి చెప్పే జవాబు సరిపోదు. ముందు వారమే కస్టమర్ కేర్ మనిషి ఆ రూట్‌లో పెద్ద షాపులకి ఫోన్ చేసి అడిగి, ఎన్ని షాపులు ఒప్పుకున్నాయో రాసుకుని ఉండాలి. తెలియని ప్రశ్న వస్తే ఊహించి చెప్పొద్దు. "ఆ లెక్క ఇప్పుడు నా దగ్గర లేదు సార్, రేపు మధ్యాహ్నంలోపు పంపిస్తాను" అనండి. నలుగురిలో ఒకరు ఆ మాటని అక్కడికక్కడే రాసుకోవాలి.

మెట్టు 9: అదే రోజు మెయిల్

గది బయటికి రాగానే టీకి వెళ్లేముందు నలుగురూ ఐదు నిమిషాలు నిలబడి ఎవరికి ఏం వినిపించిందో పోల్చుకోండి. "చూద్దాం" అన్నది ఒకరికి అవునుగా, ఇంకొకరికి కాదుగా వినపడి ఉంటుంది. తర్వాత సాయంత్రంలోపు ఒక చిన్న మెయిల్ వెళ్లాలి: ఏం ఒప్పుకున్నారు, ఏది ఆగింది, ఎవరు ఏ తేదీకి ఏం చేయాలి, పంపుతామన్న లెక్కలు ఎప్పుడు వస్తాయి. స్లైడ్లు దానికి జత చేయండి. మెయిల్ కింద నలుగురి పేర్లూ రాయండి, మాట్లాడని రమేశ్ పేరుతో సహా.